ఆంగ్ల నామవాచక భేదాలు : సంస్కృతాంధ్ర వ్యాకరణ దృష్టితో ఒక పరిశీలన

ప్రస్తావన

ప్రాచ్య కళాశాలలో శబ్దమంజరితో చదువు ప్రారంభించి, లఘుకౌముది, బాలవ్యాకరణాల మీదుగా సాగే విద్యార్థికి నామపదం అపరిచితమైనది కాదు. ప్రాతిపదికం, లింగం, వచనం, విభక్తి, మహదమహద్భేదం మొదలైన విషయాలను అతడు సూత్రసహితంగా అభ్యసించి ఉంటాడు. అట్టి విద్యార్థి ఆంగ్ల వ్యాకరణంలో నామవాచక భేదాల పాఠం వద్దకు వచ్చేసరికి ఐదు పేర్లు, ఐదు నిర్వచనాలు, ఒక్కొక్క దానికి నాలుగైదు ఉదాహరణలు కంఠస్థం చేసి ఊరకుంటాడు. పరీక్షలో వాటిని సరిగానే వ్రాస్తాడు. అయితే స్వయంగా ఆంగ్లంలో ఒక వాక్యం వ్రాయవలసి వచ్చినప్పుడు ‘ఫర్నిచర్స్’ అనీ, ‘ఇన్ఫర్మేషన్స్’ అనీ, ‘యాన్ అడ్వైస్’ అనీ వ్రాస్తాడు. నేర్చిన విభాగం అతనికి అక్కరకు రాలేదన్నమాట.

ఈ లోపం విద్యార్థి బుద్ధిలో ఉన్నదా, బోధనలో ఉన్నదా, లేక ఆ విభాగంలోనే ఉన్నదా అనేది విచారింపదగిన విషయం. వ్యాకరణంలో ఒక సంజ్ఞను చేయడం ఒక కార్యాన్ని విధించడం కోసమే అనేది సంస్కృత వైయాకరణుల దృష్టి. కార్యం లేని సంజ్ఞ వ్యర్థం. ఈ ప్రమాణంతో ఆంగ్ల నామ విభాగాన్ని పరీక్షించి, అందులో ఏ భేదం ఆ భాషలో నిజంగా కార్యకారి అవుతున్నదో నిర్ణయించి, దానిని సంస్కృతాంధ్రాలు చదివిన విద్యార్థికి ఏ మార్గాన బోధించవచ్చునో సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. పంచవిధ విభాగం - దాని పూర్వాపరాలు

ఆంగ్ల వ్యాకరణం చాలాకాలం గ్రీకు, లాటిన్ వ్యాకరణాల అడుగుజాడలలో నడిచింది. క్రీస్తుపూర్వం రెండవ శతాబ్దికి చెందిన డయొనీసియస్ థ్రాక్స్ పేరుమీద ప్రచారంలో ఉన్న గ్రీకు వ్యాకరణంలోనే ఒకే వ్యక్తికి చెందిన పేరు, అనేకులకు సాధారణమైన పేరు అనే భేదం కనిపిస్తుంది. లాటిన్ వ్యాకర్తలు ఈ భేదాన్ని స్వీకరించారు. వారి మతంలో విశేషణం కూడా నామంలోనే అంతర్భవించేది. అందువల్లనే పూర్వపు ఆంగ్ల వ్యాకరణాలు నామాన్ని ‘నౌన్ సబ్‌స్టాంటివ్’, ‘నౌన్ అడ్జెక్టివ్’ అని రెండుగా చెప్పేవి. 1795లో వెలువడి బహుళ ప్రచారం పొందిన లిండ్లీ మర్రే వ్యాకరణం నామాలను ప్రాపర్, కామన్ అని రెండుగానే విభజించింది.

భారతదేశంలోని పాఠశాలలకు సుపరిచితమైన ఐదు విధాల విభాగం ముఖ్యంగా జె. సి. నెస్‌ఫీల్డ్ గ్రంథాల ద్వారా స్థిరపడింది. ఈ దేశంలో విద్యాశాఖలో పనిచేసిన ఆయన 19వ శతాబ్ది చివరి దశకంలో ప్రకటించిన వ్యాకరణాలలో ప్రాపర్, కామన్, కలెక్టివ్, మెటీరియల్, ఆబ్‌స్ట్రాక్ట్ అనే ఐదు భేదాలు చెప్పి, మొదటి నాలుగింటిని మూర్తపదార్థ బోధకాలుగా ఒకవైపు, చివరిదానిని వేరొకవైపు నిలిపారు. తరువాత 1930లలో వచ్చిన రెన్, మార్టిన్‌ల వ్యాకరణం కలెక్టివ్, ఆబ్‌స్ట్రాక్ట్ భేదాలను కామన్‌లోనే చేర్చి చెప్పింది. తెలుగులో ఈ ఐదింటికి సంజ్ఞావాచకం, జాతివాచకం, సముదాయవాచకం, ద్రవ్యవాచకం, భావవాచకం అనే పేర్లు వాడుకలోకి వచ్చాయి.

ఈ విభాగంలో తర్కశాస్త్రపు ఛాయ స్పష్టంగా ఉన్నది. 1843లో జాన్ స్టూవర్ట్ మిల్ ప్రకటించిన తర్కగ్రంథం ప్రథమ భాగంలో పేర్లను సామాన్యాలు, ఏకవ్యక్తి బోధకాలు, సముదాయ బోధకాలు, మూర్తాలు, అమూర్తాలు అని విడదీసి చర్చించాడు. ఈ విభాగానికి అర్థమే ఆధారం. పదం ఎట్టి వస్తువును బోధిస్తుంది అనేది తార్కికుని ప్రశ్న. పదం వాక్యంలో ఎట్లు ప్రవర్తిస్తుంది అనేది వైయాకరణుని ప్రశ్న. ఈ రెండు ప్రశ్నలకు సమాధానాలు అన్నివేళలా ఒక్కటి కావు. పంచవిధ విభాగంలోని చిక్కంతా ఇక్కడే ఉన్నది.

2. ఐదు భేదాల కార్య పరిశీలన

సంజ్ఞావాచకానికి ఆంగ్లంలో కార్యం ఉన్నది. లిపిలో దాని మొదటి అక్షరం పెద్దదిగా వ్రాయాలి. వ్యక్తుల పేర్లకూ, నగరాల పేర్లకూ ముందు ‘ఎ’, ‘ద’ అనే ఆర్టికిల్స్ సామాన్యంగా రావు. నదులు, సముద్రాలు, పర్వతశ్రేణుల పేర్లకు ముందు మాత్రం ‘ద’ వస్తుంది. ‘ద గోదావరి’, ‘ద హిమాలయాస్’ అంటారు గాని ‘ద హైదరాబాద్’ అనరు. పర్వతశ్రేణికి ‘ద’ ఉన్నా, ఎవరెస్టు వంటి ఒక్క శిఖరం పేరుకు ఉండదు. తెలుగులోనూ నాగరిలోనూ పెద్దక్షరాల భేదం లేదు, ఆర్టికిల్ లేదు. కనుక ఈ విద్యార్థికి సంజ్ఞావాచక లక్షణం నిర్వచనంవల్ల కాక, ఈ రెండు కార్యాలవల్లనే మనసుకెక్కుతుంది.

సముదాయవాచకానికి కొద్దిపాటి కార్యం ఉన్నది. ‘టీమ్’, ‘కమిటీ’ వంటి పదాలు ఏకవచనంలో ఉన్నప్పటికీ, బ్రిటిష్ వాడుకలో వాటికి ఏకవచన క్రియగాని బహువచన క్రియగాని రావచ్చును. సముదాయాన్ని ఒక్కటిగా తలచినపుడు ఏకవచనం, అందలి వ్యక్తులను తలచినపుడు బహువచనం. అమెరికన్ వాడుకలో ఏకవచనమే అధికం. ‘కాటిల్’, ‘పోలీస్’ వంటి పదాలకు బహువచన క్రియ మాత్రమే వస్తుంది. అంటే అర్థంలో సముదాయవాచకాలైనవన్నీ ఒకే తీరున ప్రవర్తించవు.

ద్రవ్యవాచక, భావవాచకాల స్థితి మరింత విచార్యం. బంగారం ద్రవ్యం, ఓర్పు భావం. అర్థంలో వీటికి పోలిక లేదు. ఆంగ్లంలో ‘గోల్డ్’, ‘పేషెన్స్’ అనే ఈ రెండు పదాల ప్రవర్తన మాత్రం ఒక్కటే. రెండింటికి ముందూ ‘ఎ’ రాదు. రెండూ బహువచనం పొందవు. రెండింటికీ ‘మచ్’ వస్తుంది గాని ‘మెనీ’ రాదు. ఇక ‘ఐడియా’ కూడా భావవాచకమే. అది ‘యాన్ ఐడియా’, ‘ఐడియాస్’, ‘మెనీ ఐడియాస్’ అని జాతివాచకం వలెనే ప్రవర్తిస్తుంది. ‘ఫర్నిచర్’ ద్రవ్యం కాదు, భావం కాదు, కొందరు సముదాయమంటారు. దాని నడక మాత్రం ‘గోల్డ్’ వలెనే. కాబట్టి ద్రవ్యం, భావం అనే పేర్లు తెలిసినంత మాత్రాన ఒక పదానికి ‘ఎ’ చేర్చవచ్చునో లేదో, బహువచనం ఉన్నదో లేదో తెలియదు. అర్థాన్ని అనుసరించిన గీత ఒకచోట ఉన్నది, కార్యాన్ని అనుసరించిన గీత వేరొకచోట ఉన్నది.

ఆ రెండవ గీతను స్పష్టంగా చూపినవారు ఇరవయ్యవ శతాబ్ది పండితులు. డెన్మార్కుకు చెందిన ఒట్టో యెస్పర్సన్ 1924లో ప్రకటించిన వ్యాకరణ తత్త్వ గ్రంథంలో వచనాన్ని చర్చిస్తూ, లెక్కింపునకు లొంగే పదాలనూ, రాశిగా మాత్రమే భావింపబడే పదాలనూ విడదీశాడు. రాశిగా భావింపబడే పదాలలో మూర్తాలూ అమూర్తాలూ రెండూ ఉన్నాయని చూపాడు. జపానులో ఆంగ్లం బోధించిన ఎ. ఎస్. హార్న్‌బీ, సహకర్తలతో కలిసి 1942లో అక్కడ వెలువరించిన నిఘంటువులో నామపదాలకు కౌంటబుల్, అన్‌కౌంటబుల్ అనే గుర్తులు చేర్చాడు. పరభాషీయులకు ఆంగ్లం నేర్పే అనుభవం నుంచి ఈ గుర్తులు పుట్టడం గమనింపదగినది. ఆంగ్లం మాతృభాషగా గలవానికి వాటి అవసరం అంతగా ఉండదు. 1985లో క్వర్క్, గ్రీన్‌బామ్, లీచ్, స్వార్ట్‌విక్‌లు ప్రకటించిన సమగ్ర వ్యాకరణంలో ప్రాపర్, కామన్ అనేది మొదటి విభాగం. కామన్‌లో కౌంట్, నాన్‌కౌంట్ అనేది తరువాతి విభాగం. మూర్తామూర్త భేదం వీటికి అడ్డంగా పోయే వేరొక గీత.

3. సంస్కృత వ్యాకరణంలో సంజ్ఞ - కార్యం

అర్థాన్ని అనుసరించి నామాలను విభజించడం సంస్కృతంలోనూ ఉన్నది. యాస్కుడు నిరుక్తారంభంలో నామం సత్త్వప్రధానమనీ, ఆఖ్యాతం భావప్రధానమనీ వివేచించాడు. పతంజలి మహాభాష్యంలో శబ్దాల ప్రవృత్తిని జాతి, గుణం, క్రియ, యదృచ్ఛ అని నాలుగు విధాలుగా చెప్పాడు. గో, శుక్ల, చల, డిత్థ శబ్దాలు వీటికి ప్రసిద్ధోదాహరణలు. మమ్మటుడు కావ్యప్రకాశం ద్వితీయోల్లాసంలో సంకేతితార్థాన్ని చర్చిస్తూ దీనినే గ్రహించాడు.

ఈ చతుర్విధ విభాగాన్ని ఆంగ్ల విభాగంతో ఒకటికొకటిగా జతపరచడం సాధ్యం కాదు. యదృచ్ఛాశబ్దం ప్రాపర్ నౌన్‌కు సన్నిహితం. ప్రాపర్ నౌన్ వస్తువును చూపుతుందే గాని దాని ధర్మాన్ని చెప్పదని మిల్ చేసిన వివరణ యదృచ్ఛాశబ్ద స్వరూపాన్ని స్ఫురింపజేస్తుంది. కాని కామన్ నౌన్ అంతా జాతిశబ్దం కాదు. ‘కుక్’ అనే ఆంగ్లపదం కామన్ నౌన్. దానికి సమానమైన పాచకశబ్దానికి ప్రవృత్తినిమిత్తం పచనక్రియ గనుక అది క్రియాశబ్దం. శుక్లశబ్దం గుణశబ్దం, ఆంగ్లంలో దాని సమానపదం విశేషణం. ఆంగ్లంలో ఆబ్‌స్ట్రాక్ట్ నౌన్ అనదగినది శుక్లత్వం, శుక్లత, శౌక్ల్యం.

పతంజలి చెప్పిన విభాగం శబ్దం ఏ నిమిత్తంవల్ల అర్థంలో ప్రవర్తిస్తుంది అనే విచారానికి చెందినది. పదరూపాలను సాధించే సందర్భంలో పాణిని అర్థభేదాలను స్వీకరించిన పద్ధతి వేరు. కార్యం ఉన్నచోటనే, ఉన్నంతవరకే ఆయన అర్థాన్ని గ్రహించాడు. దీనికి నాలుగు నిదర్శనాలు చాలు.

మొదటిది సంజ్ఞ. 4.1.58 సూత్రం నఖ, ముఖ శబ్దాలు చివర గల పదం సంజ్ఞ అయినపుడు స్త్రీప్రత్యయమైన ఙీష్‌ను నిషేధిస్తున్నది. 8.4.3 సూత్రం సంజ్ఞలో ణత్వాన్ని విధిస్తున్నది. అందువల్ల రావణుని చెల్లెలి పేరు శూర్పణఖా అయింది. ఎఱ్ఱని ముఖం గల బాలికను వర్ణించేటప్పుడు, అది పేరు కాదు గనుక, తామ్రముఖీ అని ఈకారాంతం అవుతుంది. ఆంగ్లంలో పెద్దక్షరం చేసే పనిని ఇక్కడ ణకారమూ ఆకారమూ చేస్తున్నాయి.

రెండవది జాతి. జాతిని చెప్పేటప్పుడు ఏకత్వంలోనూ వికల్పంగా బహువచనం వస్తుందని 1.2.58 సూత్రం చెప్తున్నది. యవధాన్యాన్ని ఉద్దేశించి యవః అనవచ్చును, యవాః అనవచ్చును. ఆంగ్లంలో గుఱ్ఱమనే జాతిని చెప్పేటప్పుడు ‘ద హార్స్’ అని ఏకవచనం, ‘హార్సెస్’ అని బహువచనం రెండూ సాధువులు కావడం దీనితో పోల్చదగినది.

మూడవది సమూహం. 4.2.37 సూత్రం సమూహార్థంలో తద్ధిత ప్రత్యయాలను విధిస్తున్నది. కాకుల సమూహం కాకం. 4.2.43 సూత్రంవల్ల జనుల సమూహం జనత, బంధువుల సమూహం బంధుత అవుతున్నాయి. నాల్గవది భావం. 5.1.119 సూత్రం భావార్థంలో త్వ, తల్ ప్రత్యయాలను విధిస్తున్నది. వికారార్థం విషయంలోనూ ఇంతే. 4.3.143 సూత్రం వికారావయవార్థాలలో మయట్ ప్రత్యయాన్ని వికల్పంగా విధిస్తూ, తినదగిన వస్తువులనూ కప్పుకొనదగిన వస్తువులనూ మినహాయించింది.

ఆంగ్ల విభాగంలో వినిపించిన సంజ్ఞ, జాతి, సముదాయం, భావం, ద్రవ్యవికారం అన్నీ పాణినీయంలో ఉన్నాయి. అయితే అవి నామాల ‘రకాలు’గా ఒకచోట జాబితాగా లేవు. ఒక్కొక్కటి తన కార్యం దగ్గర ఉన్నది. ఈ మెలకువ విద్యార్థికి కలిగిస్తే చాలు. ఆంగ్లంలోనూ ‘ఈ భేదంవల్ల వచ్చే కార్యమేమి?’ అని ప్రశ్నించడం అతడు నేర్చుకుంటాడు.

4. తెలుగులో కార్యకారియైన భేదం

తెలుగులో ఆర్టికిల్ లేదు గనుక సంజ్ఞావాచక, జాతివాచక భేదానికి వాక్యంలో చెప్పుకోదగిన పని లేదు. రాముడు, బాలుడు అనే రెండు పదాలు ఒకే విధంగా నడుస్తాయి. ఇక్కడ సర్వత్ర పనిచేసే భేదం మహదమహద్భేదం. 1858లో వెలువడిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి మహత్తు, మహతి, అమహత్తు అనే సంజ్ఞలను స్వీకరించి వానిపై అనేక కార్యాలను విధించాడు.

మొదట పదరూపమే దీనిని అనుసరిస్తుంది. అకారాంత తత్సమం మహత్తైతే డుప్రత్యయం, అమహత్తైతే మువర్ణకం పొందుతుంది. రామశబ్దం రాముడు, వనశబ్దం వనము. సంస్కృతంలో వృక్షశబ్దం పుంలింగమైనా తెలుగులో అది వృక్షము. స్నేహితుడనే అర్థంలో మిత్రశబ్దం సంస్కృతంలో నపుంసకమైనా తెలుగులో మిత్రుడు కూడా అయింది. భార్య అనే ఒక్క అర్థంలో భార్యా, కళత్రమ్, దారాః అని మూడు లింగాల పదాలు గల సంస్కృత లింగవ్యవస్థ శబ్దాన్ని అనుసరించినది. తెలుగు వ్యవస్థ అర్థాన్ని అనుసరించినది. అయినా అది కార్యకారి కావడంవల్లనే వ్యాకరణంలో స్థానం పొందింది.

క్రియ కూడా దీనినే అనుసరిస్తుంది. ‘వాడు వచ్చాడు’, ‘ఆమె వచ్చింది’, ‘ఆవు వచ్చింది’ అనే వాక్యాలలో మహతి ఏకవచనంలో అమహత్తుతో చేరింది. ‘స్త్రీలు వచ్చారు’, ‘ఆవులు వచ్చాయి’ అనే బహువచనంలో అది మహత్తుతో చేరింది. సంఖ్యావాచకాలూ ఇట్లే: ఇద్దరు స్త్రీలు, రెండు ఆవులు. సముదాయవాచకాలలోనూ దీని ప్రభావం ఉన్నది. ‘సైన్యం వచ్చింది’ అంటారు. ‘జనం వచ్చారు’ అంటారు. జనశబ్దం రూపంలో ఏకవచనమైనా, అందలి మనుష్యత్వం క్రియను బహువచనంలోకి లాగింది. ‘కమిటీ’ విషయంలో బ్రిటిష్ ఆంగ్లం చేసే పని ఇదే.

చేతనాచేతన భేదానికి కూడా కొంత కార్యం ఉన్నది. జడవాచకాలకు ద్వితీయకు మారుగా ప్రథమ బహుళంగా వస్తుంది. ‘పుస్తకం చదివాడు’ అనడం సహజం. ‘రాముడు చూచాడు’ అన్నప్పుడు మాత్రం రాముడు కర్త అవుతాడే గాని కర్మ కాడు.

5. సంఖ్య - పరిమాణం

ఆంగ్లంలోని కౌంటబుల్, అన్‌కౌంటబుల్ భేదం తెలుగులో లేదని తరచు భావిస్తారు. అది సరికాదు. ఎందరు, ఎన్ని, ఎంత అనే మూడు ప్రశ్నార్థకాలను పరిశీలిస్తే ఈ భేదం తెలుగులో ఎంత గాఢంగా ఉన్నదో తెలుస్తుంది. ‘ఎందరు పిల్లలు?’ అనేది లెక్కింపదగిన మనుష్యులకు, ‘ఎన్ని పుస్తకాలు?’ అనేది లెక్కింపదగిన ఇతర వస్తువులకు, ‘ఎంత బంగారం?’ అనేది కొలువదగిన దానికి. కొందరు, కొన్ని, కొంత. అందరు, అన్ని, అంత అనే వరుసలు కూడా ఇట్టివే. ఆంగ్లంలో ‘మెనీ’, ‘మచ్’ అని రెండే ఉన్నచోట తెలుగు మహదమహద్భేదాన్ని కూడా కలుపుకొని మూడు చూపుతున్నది.

సంస్కృతంలో కతి, కియత్ శబ్దాలు ఈ పనినే చేస్తాయి. 5.2.40 సూత్రం పరిమాణార్థంలో కియత్ శబ్దాన్ని, 5.2.41 సూత్రం సంఖ్యారూపమైన పరిమాణంలో కతిశబ్దాన్ని సాధిస్తున్నాయి. లెక్క, కొలత అనే రెండు భావాలను పాణిని ఇక్కడ స్పష్టంగా విడదీశాడు. కతి ఘటాః, కియత్ సువర్ణమ్ అనే ప్రయోగాలు ఎరిగిన విద్యార్థికి ‘హౌ మెనీ’, ‘హౌ మచ్’ అనేవి కొత్త భావాలు కావు.

అయితే వచనం విషయంలో మూడు భాషల నడకా ఒక్కటి కాదు. ‘వాటర్’, ‘మిల్క్’ ఆంగ్లంలో ఏకవచనాలు. తెలుగులో నీళ్లు, పాలు నిత్యబహువచనాలు: ‘పాలు పొంగాయి’, ‘నీళ్లు కాగాయి’. సంస్కృతంలో జలశబ్దం ఏకవచనంలో ఉండగా అప్‌శబ్దం ఆపః అని నిత్యబహువచనం. సికతాః, లాజాః, అక్షతాః మొదలైనవీ బహువచనంలోనే ప్రసిద్ధాలు. తెలుగులో వడ్లు, పెసలు, కందులు, గోధుమలు బహువచనాలు కాగా ఆంగ్లంలో ‘వీట్’ ఏకవచనం. ఆ ఆంగ్లంలోనే ‘ఓట్స్’ బహువచనం! ధాన్యస్వభావంలో లేని భేదం శబ్దంలో ఉన్నదన్నమాట.

నీళ్లు అనే పదం మరొక సూక్ష్మాన్ని చూపుతున్నది. బహువచనం గనుక ‘కొన్ని నీళ్లు’, ‘కాసిని నీళ్లు’ అంటారు. కాని ‘రెండు నీళ్లు’, ‘మూడు పాలు’ అనరు. లెక్క పెట్టవలసి వస్తే చెంబు, గ్లాసు వంటి కొలపాత్రను మధ్య చేర్చి ‘రెండు చెంబుల నీళ్లు’ అంటారు. చెంబెడు, గుప్పెడు, దోసెడు, గంపెడు అనే పదాలలోని ఎడు ప్రత్యయం ఈ అవసరం కోసమే ఉన్నది. ఆంగ్లంలో ‘హ్యాండ్‌ఫుల్’, ‘స్పూన్‌ఫుల్’ అనే పదాలలోని ‘ఫుల్’ దీనికి సమానం. ‘ఎ పీస్ ఆఫ్ ఫర్నిచర్’, ‘ఎ పీస్ ఆఫ్ అడ్వైస్’ అనడంలోని ‘పీస్’ కూడా ఇట్టి సంఖ్యాసాధనమే. పెసరగింజ, వడ్లగింజ అనే పదాలలో గింజ చేసే పని అదే.

దీనినిబట్టి సంఖ్యేయత్వం వస్తువులో కాక శబ్దంలో ఉన్నదని తేలుతున్నది. ‘చైర్స్’ లెక్కకు లొంగుతాయి, అవే ‘ఫర్నిచర్’ అయితే లొంగవు. ‘కాయిన్స్’ లొంగుతాయి, ‘మనీ’ లొంగదు. ఒకే పదం రెండు విధాలుగా ఉండడమూ కలదు. ‘గ్లాస్’ అన్‌కౌంటబుల్ అయితే గాజు, కౌంటబుల్ అయితే గ్లాసు. ‘పేపర్’ ఒకవిధంగా కాగితం, మరొకవిధంగా వార్తాపత్రిక. ‘ఐరన్’ ఒకవిధంగా ఇనుము, మరొకవిధంగా ఇస్త్రీపెట్టె. ‘హెయిర్’ ఒకవిధంగా జుట్టు, మరొకవిధంగా వెంట్రుక. ఆంగ్లం ఒకే పదాన్ని రెండు నడకలతో వాడేచోట తెలుగు రెండు పదాలను వాడుతున్నది. ఇట్టి ఉదాహరణలు విద్యార్థికి ఈ భేదపు ప్రయోజనాన్ని వెంటనే బోధపరుస్తాయి. ఎందుకంటే ఇక్కడ ‘ఎ’ చేర్చడం, మానడం అర్థాన్నే మారుస్తున్నది.

కాలక్రమంలోనూ ఈ నడక మారవచ్చును. బఠానీలను చెప్పే ఆంగ్లపదం పూర్వం ‘పీజ్’ అని రాశిబోధకంగా ఉండేది. అందలి చివరి ధ్వనిని బహువచన ప్రత్యయమని భ్రమించి ‘పీ’ అనే ఏకవచనాన్ని కల్పించుకున్నారు. హోటలులో ‘రెండు కాఫీలు’ అని అడగడం తెలుగులోనూ ఆంగ్లంలోనూ నేడు సహజం.

6. పరిభాష - బోధన

అన్‌కౌంటబుల్ అనే పదాన్ని ‘లెక్కింపరానిది’ అని అనువదించి బోధించడం పరిపాటి. ఈ అనువాదం కొంత అనర్థానికి కారణం. లెక్కింపరానిదంటే తెలుగులో అసంఖ్యాకమని అర్థం. కనుక నక్షత్రాలు లెక్కింపరానివని విద్యార్థి తలుస్తాడు; ఆంగ్లంలో ‘స్టార్’ కౌంటబుల్. డబ్బు లెక్కింపదగినదే కదా అని తలుస్తాడు; ‘మనీ’ అన్‌కౌంటబుల్. విద్యార్థి తప్పు చేయలేదు. అతనికిచ్చిన మాట వస్తువును గురించి చెప్పింది. చెప్పవలసినది శబ్దాన్ని గురించి. ఇందుకు మారుగా సంఖ్యేయ నామం, పరిమేయ నామం అనే పేర్లు మేలు. ఒకటి లెక్కతో కూడేది, రెండవది కొలతతో కూడేది. సంఖ్యాసంఖ్యేయ వివేకం సంస్కృత విద్యార్థికి ముందే పరిచితం.

ద్రవ్యవాచకమనే పేరూ ఇట్టిదే. శబ్దార్థం ఆకృతియని వాజప్యాయనుడు, ద్రవ్యమని వ్యాడి చెప్పినట్లు మహాభాష్యంవల్ల తెలుస్తున్నది. ఆ వాదంలో ద్రవ్యమంటే వ్యక్తి. బంగారం, నూనె వంటి పదార్థం కాదు. ఆ వాదాన్ని చదివిన విద్యార్థి ద్రవ్యవాచకమనే పేరు వినగానే వేరొక అర్థానికి పోవడం సహజం. పదార్థవాచకమన్నా పదానికి గల అర్థమే స్ఫురిస్తుంది. పరిమేయంలో ఈ భేదం అంతర్భవిస్తుంది కనుక దీనికి ప్రత్యేక సంజ్ఞ అవసరమే లేదు.

బోధనలో ఎన్ని, ఎంత అనే పరీక్షను ఆధారంగా గ్రహిస్తే పదాలు మూడు రాశులుగా ఏర్పడతాయి. బంగారం, నూనె, పంచదార, డబ్బు, ఓపిక మొదటి రాశి. వీటికి తెలుగులో ‘ఎంత’, ఆంగ్లంలో ‘మచ్’. ఇక్కడ భాషలు రెండూ ఏకీభవిస్తాయి. ఈ రాశికి ఎక్కువ కాలం వెచ్చించనక్కరలేదు. నీళ్లు, పాలు, గోధుమలు రెండవ రాశి. ఇక్కడ తెలుగు బహువచనం ఆంగ్లంలో ఏకవచనమవుతుంది. ‘రెండు నీళ్లు’ అనరనే సంగతి గుర్తుచేస్తే విద్యార్థి వీటినీ సులభంగా గ్రహిస్తాడు. సలహా, వార్త, సమాచారం, పని మూడవ రాశి. ‘ఎన్ని సలహాలు’, ‘ఎన్ని వార్తలు’, ‘ఎన్ని పనులు’ అని తెలుగులో లెక్కిస్తారు. ఆంగ్లంలో ‘అడ్వైస్’, ‘న్యూస్’, ‘ఇన్ఫర్మేషన్’, ‘వర్క్’ పరిమేయాలు. ‘న్యూస్’ సకారాంతమైనా దానికి ఏకవచన క్రియయే వస్తుంది. దోషాలలో ఎక్కువ భాగం ఈ రాశిలోనే పుడతాయి. బోధకుని శ్రమ ఇక్కడ నిలవాలి.

ఈ దోషం తెలుగువారికే ప్రత్యేకం కాదు. ఫ్రెంచి, జర్మను భాషలలో సమాచారమనే పదానికి బహువచనం ఉన్నది. ఆ భాషలవారూ ఆంగ్లంలో ఇక్కడనే తడబడతారు. ఈ పదాలలో ఆంగ్లపు నడక ఆంగ్లానికే చెందినది. దానికి లోకంలో హేతువు వెదకడం కంటే ప్రయోగాన్ని ప్రమాణంగా గ్రహించడం యుక్తం. ఆపః అనే పదం ఎందుకు నిత్యబహువచనమని శబ్దమంజరి చదివే బాలుడు ప్రశ్నించడు, వల్లెవేస్తాడు. మూడవ రాశి పదాలను అట్లే ఒక గణంగా పఠింపజేయడం ఉచితం. గణపాఠం ఈ విద్యార్థికి అలవాటైన మార్గమే.

ఉపసంహారం

ఆంగ్ల నామాల పంచవిధ విభాగం పూర్తిగా త్యాజ్యం కాదు. అర్థవిచారంలో దానికి స్థానం ఉన్నది. కాని వాక్యరచనకు తోడ్పడేవి ప్రధానంగా రెండు భేదాలు: సంజ్ఞ, సామాన్యం అనేది ఒకటి, సామాన్యంలో సంఖ్యేయం, పరిమేయం అనేది రెండవది. సముదాయవాచకాన్ని క్రియావచనం విషయంలో ఒక ప్రత్యేక విధిగా చెప్తే చాలును. ద్రవ్య, భావ భేదాలు కార్యం లేనివి గనుక ప్రథమ పాఠంలో వాటికి అగ్రస్థానం అనవసరం.

సంస్కృతాంధ్రాలు చదివిన విద్యార్థి ఆంగ్ల వ్యాకరణం ముందు నిరాయుధుడు కాడు. కతి, కియత్ శబ్దాల భేదం అతనికి తెలుసు. ఎన్ని, ఎంత అనేవి నిత్యం అతని నోట ఉన్నవే. సంజ్ఞ కార్యార్థమనే దృష్టి అతని శాస్త్రం ఇచ్చినదే. వీటిని పక్కన పెట్టి ఐదు నిర్వచనాలను వల్లింపజేయడంవల్ల అతని పూర్వవిద్య నిరుపయోగమవుతున్నది, కొత్తవిద్య నిలవకున్నది. ఆ పూర్వవిద్య మీదనే ఆంగ్ల పాఠాన్ని నిలబెడితే రెండూ సార్థకమవుతాయి.